రిటైరైన సైకిల్ రేసర్‌కి ఏది మేలు, మైకా, రేసు పెట్టడమా?

మొన్న ఆదివారం నెల్లూరు నుంచి మైపాడు బీచ్ దాకా తొక్కుకుంటా పోయి టీ తాగతా ఉంటే మావోడొకడు అడిగాడు, కాళ్ళు అయిపోయినాక రేసర్లు ఏం చేసుకోవాలబ్బా, టీవీలో కామెంటరీ మేలా, సొంతంగా రేసు నడుపుకోవడం మేలా అని. నాకు గుర్తొచ్చింది ఫ్రాన్స్ రేసర్ లోరాన్ ఫిన్యోన్, ఆ రెండూ చేసినోడు.

1983లో 22 ఏళ్ళకే టూర్ డి ఫ్రాన్స్ కొట్టాడు (మూడు వారాల పాటు సాగే పెద్ద సైకిల్ రేసు అది), 84లో మళ్ళీ కొట్టాడు, కానీ జనానికి గుర్తుండేది 1989లో ఓడిందే. ఆఖరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు, చేతిలో 50 సెకన్ల ఆధిక్యం, అవతల గ్రెగ్ లెమాండ్ ఏమో కొత్తరకం హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి వొంగి తొక్కాడు, మనోడు హెల్మెట్ లేకుండా పిలక ఎగరేసుకుంటా పోయాడు, పైగా సీటు కాడ పుండు. 3 వేల పైచిలుకు కిలోమీటర్లు తొక్కితే 8 సెకన్లతో పోయింది టైటిల్.

తర్వాత ప్యారిస్-నీస్ రేసు తీసుకుని 2000, 2001లో నడిపాడు, ఆమీదట టూర్ నడిపే ఏఎస్‌ఓ కంపెనీకే అమ్మేశాడు. రేసు పెట్టడమంటే ఏందో నాకూ కొంచెం తెలుసు లెండి. మూడేళ్ళ కింద సంక్రాంతికి కావలి పక్కన మా ఊళ్ళో పిలకాయలకి 10 కిలోమీటర్ల పందెం పెట్టాం, మలుపు కాడ నిలబడాల్సినోడు టీకి పోయాడు, గేదెల మంద రోడ్డెక్కింది, ముందున్న ముగ్గురూ చేలో పడ్డారు, ప్రైజు డబ్బులిస్తానన్న పెద్దమనిషి ఫోనెత్తలా, నా జేబులోంచి 4 వేలు పోయినాయి. అక్కడ నువ్వు ఎన్ని కొండలెక్కినా ఎవడికీ పనిలేదు.

మైకు అట్టా కాదు. ప్రకాశం వైపు బండలాగుడు పోటీల్లో చూడండి, ఒకప్పుడు తనే గిత్తల్ని తోలినోడు మైకు పట్టుకుంటే గిత్త మెడ వాల్చంగానే చెప్పేస్తాడు, ఇంక ఈ రౌండు దాటదని. ఫిన్యోన్ కూడా అంతే, క్యాన్సర్‌తో గొంతు బొంగురుపోయినా 2010 టూర్‌కి కామెంటరీ చెప్పాడు, ఆగస్టు 31న పోయాడు.

లేదు, మేనేజ్‌మెంటే మేలంటారా, జాన్-మరీ లెబ్లాన్ ఉన్నాడు, 1989 నుంచి 2006 దాకా టూర్‌ని నడిపాడు, 98లో డోపింగ్ గొడవొస్తే ఫెస్టినా టీమ్ మొత్తాన్నీ ఇంటికి పంపాడు. ఆయనా మాజీ రేసరే, కాకపోతే మధ్యలో ఏళ్ళ తరబడి పేపర్లో రాసి వచ్చాడు. ఆయన తర్వాత కుర్చీలో కూర్చున్న క్రిస్టియాన్ ప్రుడోమ్ అయితే టీవీ జర్నలిస్టు, ప్రొఫెషనల్‌గా తొక్కిందే లేదు. అంటే రేసు నడపడానికి తొక్కిన కాళ్ళే అక్కర్లేదు. అందుకే నా ఓటు మైక్కే, రేసు పెట్టాలని అంత దురద ఉంటే ఆ తర్వాత చూసుకోవచ్చు.

మావోడు అంతా విని గ్లాసు కింద పెట్టి, సరే అయితే వచ్చే సంక్రాంతికి మైకు నువ్వు పట్టుకో, గేదెల్ని నేను చూసుకుంటా అన్నాడు.