డీజిల్ లారీ ఇంజిన్‌లో ఓఏటీ కూలెంట్: ఏళ్ల వాడకం తరువాత

పాత పద్ధతి సిలికేట్ కూలెంటూ, ఎక్కువ కాలం నిలిచే ఓఏటీ (సేంద్రియ ఆమ్లాలతో తుప్పు ఆపే రకం) కూలెంటూ రెండూ ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నాను: పెద్ద డీజిల్ ఇంజిన్‌కు ఓఏటీయే మేలు. అయితే టాపప్ (తగ్గిన కూలెంట్‌ను పైన పోయడం) దగ్గర అశ్రద్ధ చేస్తే ఆ మేలంతా పోతుంది.

లారీ ఇంజిన్లలో చాలావాటికి వెట్ లైనర్లు, అంటే పిస్టన్ తిరిగే ఊడదీయగల ఇనుప గొట్టాలు ఉంటాయి. కూలెంట్ నేరుగా లైనర్ బయటి గోడకు తగులుతూ తిరుగుతుంది. ఇంజిన్‌లో ఇంధనం మండే ప్రతిసారీ లైనర్ అదురుతుంది, ఆ అదురుకు గోడ మీద సన్నటి ఆవిరి బుడగలు పుట్టి వెంటనే చితికిపోతాయి. రక్షణ పొర లేకపోతే ఆ తాకిడికే ఇనుములో సూదిమొనంత గుంటలు పడి, చివరికి చిల్లి పడి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. కార్ల కోసం చేసిన కూలెంట్ లారీలో పోయకూడదనేది ఇందుకే. డబ్బా మీద భారీ ఇంజిన్ల ప్రమాణమైన ఏఎస్‌టీఎం డి 6210 ఉండాలి. డి 3306 ఒక్కటే ఉంటే అది తేలిక వాహనాలకు. దాంతోపాటు ఇంజిన్ మాన్యువల్‌లోని స్పెసిఫికేషన్ నంబర్ కూడా సరిచూడండి. రంగు చూసి మాత్రం కొనకండి, రంగులకు ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు.

సిలికేట్ రకంలో లైనర్‌ను కాపాడే నైట్రైట్ తరుగుతూ ఉంటుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ టెస్ట్ స్ట్రిప్ ముంచి చూసి, తగ్గితే ఎస్‌సీఏ (ఆ రక్షణ రసాయనాలను తిరిగి నింపే ద్రవం) పోయాలి. తక్కువైతే లైనర్‌కు గుంటలు. ఎక్కువైతే జిగురులా పేరుకుని రేడియేటర్ గొట్టాలు పూడుకుపోతాయి, వాటర్ పంప్ సీల్ కారుతుంది. ఓఏటీలో ఈ లెక్క లేదు. కూలెంట్ ఫిల్టర్ ఉంటే మాత్రం ఎస్‌సీఏ లేని మామూలు ఫిల్టర్‌కు మారాలి.

నీళ్ల విషయంలో రాజీ వద్దు. డిస్టిల్డ్ లేదా డీఅయొనైజ్డ్ నీళ్లే వాడండి. బోరు నీళ్లలోని సున్నం బాగా వేడెక్కే చోట్ల పొలుసు కడుతుంది. లైనర్ల మీదా, పొగను చల్లార్చి తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్‌లోనూ అది ముందు కనిపిస్తుంది. క్లోరైడ్ అయితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

కూలెంట్‌లో ముఖ్య ద్రవమైన ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. 40 శాతమైతే మైనస్ 24 దగ్గర ఆగుతుంది. గాఢత పెంచితే ఇంకా మంచిదనుకోవడం తప్పు: నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, పైగా నీళ్లంత వేడిని మోయలేదు. 60 శాతం దాటనివ్వకండి. కొలతకు రిఫ్రాక్టోమీటర్ (చుక్క వేసి గాఢత చూసే పరికరం) వాడండి. అందులో ఇథిలీన్ గ్లైకాల్‌కూ ప్రొపిలీన్ గ్లైకాల్‌కూ గీతలు వేరు, సరైనది చూడాలి.

గాఢత తక్కువగా ఉంటే లెక్క ఇలా: కావాల్సిన శాతంలోంచి ఇప్పుడున్న శాతం తీసేసి, దాన్ని వందలోంచి ఇప్పుడున్న శాతం తీసేస్తే వచ్చే అంకెతో భాగించి, సిస్టమ్ పరిమాణంతో హెచ్చించాలి. 40 లీటర్ల సిస్టమ్‌లో 30 శాతం ఉంది, 50 కావాలనుకోండి. 20ని 70తో భాగించి 40తో హెచ్చిస్తే 11.4. అన్ని లీటర్లు దించి, అంతే కాన్‌సెంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) పోస్తే 50 శాతానికి వస్తుంది.

ఎక్కువమంది పొరబడేది ఫ్లష్ చేశాక. డ్రెయిన్ తిప్పినా బ్లాక్‌లోనూ హీటర్‌లోనూ నీళ్లు మిగులుతాయి. 40 లీటర్లలో 10 మిగిలిపోయి, పైన 30 లీటర్లు సగానికి సగం ముందే కలిపిన కూలెంట్ పోస్తే గాఢత 37.5 శాతమే. అందుకని ముందు 20 లీటర్ల కాన్‌సెంట్రేట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ నీళ్లతో నింపాలి. హీటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి, నెమ్మదిగా పోయాలి, లేకపోతే హెడ్‌లో గాలి చిక్కుకుంటుంది. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, పూర్తిగా చల్లారాక లెవెల్ సరిచేయాలి. వేడి మీద క్యాప్ తీయొద్దు.

ఇక టాపప్. ఓఏటీలో వేరే రకం కలిస్తే వెంటనే ఏమీ అవదు, కానీ ఆ దీర్ఘాయువు మాత్రం పోతుంది. పదో వంతు దాటి కలిసిందంటే పూర్తిగా దించి ఫ్లష్ చేయడమే మేలు. అదే రకం కూలెంట్‌ను సగానికి సగం కలిపి ఒక క్యాన్ క్యాబిన్‌లో ఉంచుకోండి, పేరూ తేదీ రాసి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకూ కుక్కలకూ అందనీయకండి, మంచినీళ్ల సీసాలో అసలే పోయకండి. దించిన పాత కూలెంట్‌ను కాలువలో వదలకుండా వాడేసిన కూలెంట్ తీసుకునే చోట ఇవ్వాలి.