డిప్ చేస్తే బంపర్ లైట్లు కూడా ఆరాలి: ఫాగ్ స్విచ్‌ని ఆక్స్ లైట్లకు మార్చి చాలాకాలం వాడాక

బంపర్ మీద అదనంగా బిగించిన ఆక్స్ (ఆక్సిలరీ) లైట్లు కంపెనీ ఫాగ్ స్విచ్‌తోనే, హై బీమ్ ఉన్నప్పుడు మాత్రమే వెలిగేలా వైరింగ్ మార్చుకున్నాం. ఈ మార్పులో నాకు బాగా నచ్చింది ఒక్కటే. ఎదురుగా బండి వచ్చినప్పుడు డిప్ చేయగానే, అంటే హై బీమ్ నుంచి లో బీమ్‌కి మార్చగానే, బంపర్ మీది రెండు లైట్లూ వాటంతటవే ఆరిపోతాయి. స్విచ్ కోసం తడుముకోనక్కర్లేదు. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లో మలుపు తిరగ్గానే లారీ ఎదురైతే, విడిగా బిగించిన టాగుల్ స్విచ్‌ని వెతికేలోపు అవతలి డ్రైవర్ కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆక్స్ లైట్లు వేయించుకున్న బండ్లలో ఎక్కువ వాటికి ఈ ఏర్పాటు ఉండదు. అదే నాకు బాధ.

బండి హెచ్4 (లో, హై బీమ్‌లు రెండూ ఒకే బల్బులో ఉండే రకం) హాలోజెన్ హెడ్‌లైట్ల పాత డీజిల్ జీపు. బీసీఎం (లైట్ల లాంటివాటిని నడిపే కంప్యూటర్ యూనిట్) లాంటివేమీ లేవు. ఆక్స్ లైట్లు 55 వాట్ల హాలోజెన్‌వి, రెండు. డ్యాష్‌బోర్డుకు కొత్త రంధ్రం పెట్టలేదు, కంపెనీ ఇచ్చిన ఫాగ్ స్విచ్‌నే వాడాం. మామూలుగా ఆ స్విచ్‌కి పార్కింగ్ లైట్ల లైను నుంచి కరెంటు వస్తుంది. కనెక్టర్‌లోంచి ఆ ఇన్‌పుట్ పిన్నుని బయటికి లాగి, స్లీవ్ తొడిగి పక్కన కట్టేసి, దాని చోట హై బీమ్ లైను నుంచి తీసిన 0.75 స్క్వేర్ ఎంఎం వైరు పెట్టాం. పిన్ను తీయడానికి సన్నటి పిన్ రిమూవర్ ఉంటే చాలు, వైరు కోయొద్దు. రేపు పాత పద్ధతికి తేవాలంటే రెండు నిమిషాల పని. స్విచ్‌లోని చిన్న లైటు వైరు జోలికి పోలేదు, అది పార్కింగ్ లైట్లతోనే వెలుగుతుంది. ఏ పిన్ను ఏదో వైరు రంగు చూసి నమ్మొద్దు. వేరియంట్‌ని బట్టి మారుతుంది, మల్టీమీటర్ పెట్టి చూసుకోవాలి.

హై బీమ్ లైనుకి జాయింట్ వేసిన చోటే 3 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. హెడ్‌లైట్ ఫ్యూజ్ పెద్దది, ఈ సన్న వైరు ఎక్కడైనా బాడీకి తగిలితే అది కాపాడదు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. దాని పిన్నులకు నంబర్లుంటాయి: 85, 86 లోపలి కాయిల్‌వి, 30, 87 లైట్ల కరెంటువి. స్విచ్ అవుట్‌పుట్ రిలే 86కి, 85 ఎర్త్‌కి. బ్యాటరీ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజ్, అక్కణ్నుంచి 30కి, 87 నుంచి లైట్లకి. రిలే లోపల డయోడ్ (కరెంటుని ఒకే దిశలో పోనిచ్చేది) ఉంటే 86కే పాజిటివ్ ఇవ్వాలి, తిరగేస్తే 3 ఆంపియర్ల ఫ్యూజ్ వెంటనే పోతుంది. రిలేని పిన్నులు కిందికి ఉండేలా బిగించాలి, లేకపోతే వాన నీళ్లు సాకెట్‌లో నిలుస్తాయి.

రిలే లేకుండా నేరుగా స్విచ్ మీదే నడపొచ్చని కొందరు ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ అంటారు. రెండు లైట్లు కలిపి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. 0.75 వైరు బానెట్ నుంచి డ్యాష్‌కి వెళ్లి తిరిగొచ్చేసరికి ఒక వోల్టు పైనే అందులో పోతుంది, స్విచ్ కాంటాక్టు కాలడం దానికి అదనం. హాలోజెన్‌కి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. రిలేతో అయితే స్విచ్ మీద పడేది కాయిల్ తీసుకునే 150 మిల్లీ ఆంపియర్లే. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.6, లైటు దగ్గర 13.2 వోల్టులు ఇప్పటికీ వస్తున్నాయి.

ఇక ఇచ్చిన ఇబ్బంది ఒకటే, కానీ అది సరిగ్గా నాకు నచ్చిన చోటే వచ్చింది. ఒక వానాకాలం తర్వాత డిప్ చేసినా ఆక్స్ లైట్లు ఆరడం మానేశాయి. అదీ ప్రతిసారీ కాదు. స్టీరింగ్ పక్కనున్న డిప్ మీటని టక్కున కొడితే వెలుగుతూనే ఉండేవి, నెమ్మదిగా తిప్పితే ఆరేవి. మొదటినుంచీ డిప్‌లోనే ఉంటే అసలు వెలిగేవే కావు. రిలే అతుక్కుపోతోందని అనుకోవడం సహజం. ఎలక్ట్రీషియన్ రిలే మార్చాడు, కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ అదే కథ. విప్పి చూస్తే పాత రిలే కాంటాక్టులు శుభ్రంగా ఉన్నాయి.

అసలు సంగతి మీటర్ బోర్డులో కనిపిస్తూనే ఉంది. డిప్‌లో ఉన్నప్పుడు కూడా హై బీమ్ నీలం లైటు మినుకుమినుకుమంటోంది. ఎడమ హెడ్‌లైటు కాస్త పసుపుగా, నీరసంగా ఉంది. డిప్‌లో పెట్టి హై బీమ్ వైరు దగ్గర కొలిస్తే సున్నా ఉండాల్సింది 4 వోల్టులు చూపించింది. ఎడమ బల్బు ఎర్త్ పిన్నుకి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్య కొలిస్తే 8 వోల్టులు. లైట్లు వెలుగుతుండగా అక్కడ 0.2 వోల్టు దాటకూడదు. అంటే ఎడమ హెడ్‌లైట్‌కి ఎర్త్ లేదు.

హెచ్4 బల్బులో లో, హై ఫిలమెంట్లు రెండిటికీ ఎర్త్ పిన్ను ఒకటే. అది తెగితే లో బీమ్ కరెంటు ఊరుకోదు. అదే బల్బులోని హై ఫిలమెంట్ గుండా హై బీమ్ వైరులోకి ఎక్కి, కుడి బల్బు హై ఫిలమెంట్ దాటి, అక్కడి ఎర్త్‌లో దిగుతుంది. మూడు ఫిలమెంట్లు వరసగా పడ్డాయి కాబట్టి హై బీమ్ వైరు దగ్గర మూడో వంతు వోల్టేజి, ఆ 4 వోల్టులు. ఆ 4 వోల్టులతో రిలే లేవదు, అంటే కాంటాక్టు కలవదు, లేవడానికి 7, 8 వోల్టులు కావాలి. కానీ ఒకసారి లేచాక పట్టుకుని ఉండటానికి 2 వోల్టులు ఉన్నా చాలు. అందుకే డిప్‌లో మొదలుపెడితే వెలగదు, హై నుంచి డిప్‌కి వస్తే ఆరదు. నెమ్మదిగా తిప్పినప్పుడు మధ్యలో కరెంటు కాసేపు పూర్తిగా తెగి రిలే వదిలేస్తుంది. టక్కున కొడితే ఆ సందు చాలదు, కాయిల్ మీది డయోడ్ కూడా వదలడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది.

దీనికి హై బీమ్ లైనులో డయోడ్ వేయమని సలహా ఇస్తారు. పనికిరాదు. దొంగ కరెంటు కూడా అసలు కరెంటు వచ్చే దిశలోనే వస్తోంది, డయోడ్ దాన్ని ఆపదు. రిలే మార్చడమూ మందు కాదు, కొత్తది కాస్త పైవోల్టేజి దగ్గర వదిలేదైతే రోగం కొన్నాళ్లు దాగుతుంది, అంతే. ఎడమ లైటు వెనక ఎర్త్ బోల్టు విప్పితే వాషర్ కింద పచ్చటి చిలుము, దాని కింద తుప్పు. బానెట్ అంచు నుంచి నీళ్లు సరిగ్గా దాని మీదే కారుతున్నాయి. లోహం మెరిసేదాకా గీకి, కొత్త లగ్ (వైరు చివర వేసే రింగు), పళ్ల వాషర్ వేసి, బిగించాక పైన వాసెలిన్ పూయాలి. దాంతోపాటు రెండు హెడ్‌లైట్ల ఎర్త్ పిన్నుల నుంచి బ్యాటరీ నెగటివ్‌కి నేరుగా 2.5 వైరు లాగించాం. హై బీమ్ వైరు దగ్గర మళ్లీ సున్నా వచ్చింది, హెడ్‌లైట్లు కూడా తెల్లబడ్డాయి.

కాబట్టి, తనంతట తానే ఆరిపోతుందన్న మాట హెడ్‌లైట్ ఎర్త్ బాగున్నంతవరకే. విడి టాగుల్ స్విచ్‌కి ఈ బెడద లేదు, అది ఒప్పుకోవాలి. లంబసింగి లాంటి చోట చలికాలం పొగమంచులోనూ ఈ వైరింగ్ పనికిరాదు. మంచులో డిప్ మీదే నడపాలి, డిప్‌లో ఈ లైట్లు వెలగవు. ఆ దారులే ఎక్కువగా తిరిగేవాళ్లు ఫాగ్ స్విచ్‌ని కంపెనీ ఇచ్చినట్టే పార్కింగ్ లైనులో ఉంచుకుని, కింద వెడల్పు కాంతి లైట్లు వేసుకోవడం మేలు.

టయోటా పాత బండ్లు కొన్నిటిలో హెడ్‌లైట్లను నెగటివ్ వైపు స్విచ్ చేస్తారు. వాటిలో స్విచ్ ఇన్‌పుట్ బల్బు కామన్ పాజిటివ్ నుంచి తీసుకోవాలి, 85ని ఎర్త్‌కి కాకుండా బల్బు హై పిన్నుకి కలపాలి. బీసీఎం ఉన్న కొత్త బండ్లలో ఈ పని వద్దు. అక్కడ స్విచ్ పంపేది చిన్న సిగ్నల్ మాత్రమే, హై బీమ్ లైనులో కరెంటు తునకలుగా వచ్చేదైతే రిలే గిలగిలా కొట్టుకుంటుంది. వారంటీ మాట సరేసరి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, చలానా పడితే వాదించడానికేమీ ఉండదు. ఊళ్లో తిరిగేటప్పుడు మా లైట్లకు తొడుగులు ఉంటాయి.

రాత్రిపూట వీధి దీపాల్లేని రెండు వరసల రోడ్లు, బీసీఎం లేని హాలోజెన్ బండి, ఏటా వానలయ్యాక ఎర్త్ బోల్టులు విప్పి చూసే ఓపిక ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే. ఈ మూడింటిలో ఏది తగ్గినా టాగుల్ స్విచ్చే నయమేమో.