ఏసీ ఫిల్టర్: మామూలుదా, కార్బన్‌దా?

కారులో బ్లోయర్ నాలుగులో పెట్టినా గాలి రెండులో ఉన్నట్టే వస్తుంటే, ఏసీ వేయగానే మగ్గిన వాసన కొడుతుంటే, గ్యాస్ అయిపోయిందేమోనని అనుకుంటాం. ముందు కారులోకి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. మన మెకానిక్‌లు ఏసీ ఫిల్టర్ అనేది దీన్నే. మార్చక తప్పదని తేలితే, ఏది కొనాలన్నది అసలు ప్రశ్న.

మామూలు తెల్ల ఫిల్టర్ దుమ్మును, పుప్పొడిని ఆపుతుంది. పొగ వాసన మాత్రం దాన్ని దాటుకుని వచ్చేస్తుంది. కార్బన్ ఫిల్టర్ బూడిద రంగులో ఉంటుంది, ధర కాస్త ఎక్కువ. అందులోని యాక్టివేటెడ్ కార్బన్ డీజిల్ పొగ, మురుగు వాసనలను చాలావరకు పట్టేస్తుంది. కొన్నాళ్లకు ఆ కార్బన్ నిండిపోతుంది. ఆ తర్వాత అది దుమ్మును ఆపుతుందే తప్ప వాసనను ఆపదు. ఇంకో ముఖ్యమైన మాట: కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ ఫిల్టర్ కూడా ఆపలేదు. కార్బన్ ఫిల్టర్ ఉంది కదా అని ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసుకుని కారులో నిద్రపోకండి.

రోజూ పటాన్‌చెరు, గాజువాక లాంటి చోట్ల లారీల వెనకాల నడిపేవాళ్లు, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు కార్బన్‌దే వేసుకోవాలి. మట్టిరోడ్ల మీద తిరిగే బండికైతే మామూలుదే నయం. అక్కడ కార్బన్ పూర్తిగా పనిచేసేలోపే మడతలు దుమ్ముతో పూడిపోతాయి. ఆ డబ్బుతో మామూలుది త్వరత్వరగా మార్చుకోవచ్చు.

పాతదాన్నే కంప్రెసర్ గాలితో కొట్టి మళ్లీ పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. పైన దుమ్ము రాలుతుంది కానీ లోపల ఇరుక్కున్న సన్నటిది అలాగే ఉంటుంది. గట్టిగా కొడితే పొర చిరుగుతుంది. చాలా ఫిల్టర్లలో సన్నని దుమ్మును పట్టేది పోగుల్లోని స్థిర విద్యుత్తు. నీళ్లతో కడిగితే ఆ గుణం దెబ్బతింటుంది.

షోరూంలో లేబర్ ఛార్జీ కట్టేకంటే ఈ పని మనం చేసుకోవడమే మేలు. చాలా కార్లలో ఫిల్టర్ గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది. బాక్స్ పక్కలను లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది, వెనక మూత కనిపిస్తుంది. పాత ఫిల్టర్ మీది బాణం గుర్తు ఎటు చూస్తోందో గమనించి, కొత్తదాన్నీ అలాగే పెట్టండి. చెట్టు కింద నిలిపే బండైతే పాతదాని మీద ఎండుటాకులు పేరుకుని ఉంటాయి. వంచకుండా, మెల్లగా బయటికి లాగండి. ఒక్క పుల్ల జారి బ్లోయర్‌లో పడినా టకటకమని చప్పుడు మొదలవుతుంది, దాన్ని తీయాలంటే మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.