కోనసీమ చెమ్మలో బెంగళూరు వాల్వులు: బీఈఎల్ ఈఎల్84 సమీక్ష

ఇంట్లో పాటలు వినడానికి వాల్వు యాంప్లిఫయర్ (గాలి తీసేసిన గాజు గొట్టాలతో ధ్వనిని పెంచే యంత్రం) పెట్టుకున్నవారు, స్పీకర్లను నడిపే చివరి దశకు, అంటే అవుట్‌పుట్ దశకు, పాతకాలపు ఈఎల్84 వాల్వులు కొనదలిస్తే, యూరప్ కంపెనీల పేర్ల కోసం వెతికే ముందు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) సంస్థ తయారుచేసిన వాల్వులను చూడాలని నా అభిప్రాయం. రాజమహేంద్రవరంలో పాత రేడియో సామాను అమ్మే ఒకరి దగ్గర నాలుగు వాల్వుల సెట్టు తీసుకుని, అమలాపురంలో మా ఇంటి స్టీరియో యాంప్లిఫయర్‌లో వేసి, వేసవి ఉక్కలోనూ వానాకాలపు చెమ్మలోనూ విన్న తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈఎల్84ను ఫిలిప్స్ సంస్థ 1953లో ప్రవేశపెట్టింది. అమెరికా పద్ధతిలో దీనికి 6బీక్యూ5 అని పేరు. ఇ అక్షరం 6.3 వోల్టుల హీటర్‌ను, ఎల్ అక్షరం పవర్ పెంటోడ్‌ను (అయిదు ఎలక్ట్రోడ్ల పవర్ వాల్వు), 8 అంకె తొమ్మిది పిన్నుల అడుగును సూచిస్తాయి. కేథోడ్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు భరించగల శక్తి 12 వాట్లు. రెండు వాల్వులను పుష్-పుల్ పద్ధతిలో, అంటే ఒకటి తోస్తే ఇంకొకటి లాగేలా, కలిపితే 10 వాట్లు హాయిగా వస్తాయి. 1950లలో మల్లార్డ్ కంపెనీ ప్రచురించిన 5-10 సర్క్యూట్ ఈ వాల్వు మీదే నిలబడింది. 1954లో నెలకొల్పిన భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఫిలిప్స్ సాంకేతిక సహకారంతోనే రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. మన ఊళ్ల రేడియో మెకానిక్కుల బీరువాల్లో బీఈఎల్ అట్టపెట్టెలు ఇప్పటికీ కనిపించడానికి కారణం అదే.

అయితే పెట్టె మీది పేరు చూసి డబ్బు ఇవ్వకూడదు. వాల్వును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పైభాగాన్ని చూడాలి. అక్కడ లోపల మిగిలిన గాలిని పీల్చుకునే బేరియం పూత అద్దం వెనక పూతలా నిండుగా మెరవాలి. అది తెల్లబడి పొడిపొడిగా కనిపిస్తే గాజులోకి గాలి చేరినట్టే. అలాంటి వాల్వును ఉచితంగా ఇచ్చినా తీసుకోనవసరం లేదు. పూత అంచులు గోధుమరంగుకు తిరిగి పలచబడితే చాలాకాలం వాడిందని అనుమానించాలి. నేను తీసుకున్న వాటిలో మూడింటికి పూత చెక్కుచెదరలేదు, ఒకదానికి అంచు కొంచెం పలచబడింది. ఆ తర్వాత పిన్నులను చూడాలి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో పెట్టెలో ఉన్నా సరే పిన్నులు నల్లబడతాయి, ఒక్కోసారి పచ్చగా చిలుము పడుతుంది. మెత్తటి ఫైబర్ బ్రష్షుతో పిన్నులను గీరి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సాకెట్ పళ్లను కూడా శుభ్రం చేసిన తర్వాతే వాల్వును గుచ్చాలి. గరగరమనే చప్పుడుకు వాల్వును తప్పుపట్టేవారు ముందు సాకెట్‌ను అనుమానించడం మంచిది.

అసలు పరీక్ష మీటరుతో జరగాలి. యాంప్లిఫయర్ లోపల 300 వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో ఆ శక్తి నిలిచి ఉంటుంది. కాబట్టి ఈ పని తెలియనివారు తెలిసిన మెకానిక్కు చేత చేయించుకోవాలి. మా యాంప్లిఫయర్‌లో ప్రతి ఈఎల్84కూ కేథోడ్ దగ్గర విడిగా 270 ఓముల రెసిస్టర్ ఉంది. దాని మీద 10 వోల్టులు కనిపిస్తే సుమారు 37 మిల్లీయాంపియర్లు పారుతున్నట్టు. అందులో స్క్రీన్ గ్రిడ్ (ప్లేటుకు ముందుండే తీగవల) వాటాగా నాలుగు మిల్లీయాంపియర్లు తీసేసి, ప్లేటుకూ కేథోడ్‌కూ మధ్య ఉన్న 290 వోల్టులతో గుణిస్తే తొమ్మిదిన్నర వాట్లు దాటుతుంది, అంటే 12 వాట్ల హద్దుకు లోపలే ఉన్నట్టు. పూత నిండుగా ఉన్న మూడు వాల్వులూ దాదాపు ఒకే కొలత ఇచ్చాయి, నాలుగోది కొంచెం తక్కువ ఇచ్చింది. పెట్టె మీద పెన్సిలుతో ‘మ్యాచ్డ్’ (ఒకే కొలత ఇచ్చేవి) అని రాసినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు. ఏ వోల్టేజి దగ్గర ఎంత కరెంటు వచ్చిందో అమ్మే మనిషి చెప్పగలగాలి, చెప్పలేకపోతే ఒంటి వాల్వు ధర మాత్రమే ఇవ్వాలి.

ఇంకో కొలత చాలామంది వదిలేస్తారు. ఈఎల్84లో సంకేతం అందే తీగవల, అంటే కంట్రోల్ గ్రిడ్, దగ్గర పాజిటివ్ వోల్టేజి కనిపిస్తే, వాల్వును తీసేసి మళ్లీ కొలవాలి. వాల్వు లేకపోయినా వోల్టేజి అలాగే ఉంటే దోషం ముందు దశ నుంచి సంకేతాన్ని మాత్రమే పంపి డీసీ వోల్టేజిని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్‌ది. వాల్వు తీయగానే ఆ వోల్టేజి మాయమైతే వాల్వులో గ్యాస్ చేరిందని అర్థం. మైనం పూసిన పాత పేపర్ కెపాసిటర్లు చెమ్మ పీల్చి లీక్ అవుతాయి, గ్రిడ్ పాజిటివ్ వైపు జరుగుతుంది, కరెంటు పెరిగి ప్లేటు ఎర్రగా కాలుతుంది. డెల్టాలో ఇది అరుదైన సంగతేమీ కాదు. పాత యాంప్లిఫయర్‌లో కప్లింగ్ కెపాసిటర్లు మార్చకుండా మంచి వాల్వులు వేయడం ఆ వాల్వులను చంపుకోవడమే.

ఇక ధ్వని సంగతి. ఈ గోదావరి సీమలోనే, శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గాత్రం మంద్రం నుంచి తారస్థాయికి సాగేటప్పుడు వాల్వుల గుణదోషాలు బాగా బయటపడతాయి. బీఈఎల్ వాల్వులతో ఆ ప్రయాణంలో ఎక్కడా కొత్త గొంతు వచ్చినట్టు అనిపించదు. అక్షరాల చివర గాలి కూడా వినిపిస్తుంది, కానీ ‘స’కారాలు చెవిని గుచ్చవు. నాదస్వరం పక్కన వాయించే డోలు, అంటే తవిలు, దెబ్బలో మాత్రం కొంత మెత్తదనం ఉంది. స్లొవేకియాలో ఇప్పటికీ తయారవుతున్న జేజే కంపెనీ ఈఎల్84 ఈ విషయంలో గట్టిగా పలుకుతుంది, తవిలు తోలు బిగువు దానిలో బాగా తెలుస్తుంది. సోవియట్ కాలపు 6పీ14పీ కూడా ఇదే సాకెట్‌లో కూర్చుంటుంది, దెబ్బకు తట్టుకునే వాల్వు. నా చెవికి గాత్రం కొంచెం పొడిగా వినిపించింది. నేను ప్రధానంగా గాత్రం, వీణ, ఘంటసాల గారి పాటలు వింటాను కనుక బీఈఎల్ సెట్టునే ఉంచుకున్నాను.

ముందు దశలో ఉండే ఈసీసీ83, అంటే 12ఏఎక్స్7, విషయంలో లెక్క వేరు. ఇది పెంపు గుణకం సుమారు వంద ఉన్న వాల్వు, అందువల్ల దాని సొంత రొదను కూడా అది పెంచుతుంది. సంకేతం మొదట ప్రవేశించే చోట వేసే వాల్వుకే ఎక్కువ డబ్బు పెట్టాలి. పుష్-పుల్ జతకు సంకేతాన్ని రెండు ఎదురెదురు భాగాలుగా చేసే ఫేజ్ స్ప్లిటర్‌లో ఆరోగ్యంగా ఉన్న ఏ ఈసీసీ83 అయినా సరిపోతుంది. వాల్యూమ్ పెంచి, పెన్సిలు వెనకభాగంతో గాజును మెల్లగా తట్టినప్పుడు స్పీకర్‌లో ఖంగుమని గంట మోగినట్టు వినిపిస్తే, ఎంత పేరున్నదైనా మొదటి దశకు పనికిరాదు. పేరు కోసమే కొనేవారు ముద్రను కాక గాజును చదవాలి. మల్లార్డ్ వాల్వుల అడుగున గాజు మీద చెక్కిన సంకేతంలో రెండో వరుస బి అక్షరంతో మొదలైతే అది ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారంలో తయారైంది, దాని పక్కన అంకె సంవత్సరపు చివరి అంకె. టెలిఫుంకెన్ వాల్వుల అడుగున పిన్నుల మధ్య గాజులోనే ఒక వజ్రాకృతి ఉంటుంది. పైన రంగుతో వేసిన పేరును ఎవరైనా మళ్లీ అచ్చు వేయగలరు.

పాత రేడియోల నుంచి వాల్వులు తీసి అమ్మేవారి దగ్గర ఇంకొక జాగ్రత్త అవసరం. యూఎల్84 కూడా చూడటానికి ఈఎల్84 లాగే ఉంటుంది, కాని దాని హీటర్‌కు 45 వోల్టులు కావాలి. మన యాంప్లిఫయర్‌లో అది వెలగదు. ఈసీసీ82ను ఈసీసీ83 స్థానంలో వేయడం కూడా సరికాదు, పెంపు సుమారు అయిదో వంతుకు పడిపోతుంది, కరెంటు లెక్కలు తప్పుతాయి. రష్యన్ 6ఎన్2పీ గుణంలో ఈసీసీ83కు దగ్గరగా ఉన్నా హీటర్ పిన్నుల అమరిక వేరు, సాకెట్ వైరింగు మార్చకుండా వేయకూడదు.

రొయ్యల చెరువుల ఏరియేటర్లు రాత్రంతా తిరిగే పల్లెల్లో వోల్టేజి పడిపోవడం, మోటార్లు ఆగిన వెంటనే ఎగయడం మామూలే. 230 వోల్టులకు కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 250 అందితే 6.3 వోల్టుల హీటర్ 6.8 దాటుతుంది, వాల్వు ఆయుష్షు ఆ మేరకు తగ్గుతుంది. వాల్వుల మీద ఖర్చు పెట్టేవారు మంచి స్టెబిలైజర్‌ను కూడా అదే ఖర్చులో భాగంగా లెక్కవేసుకోవాలి. స్టీరియోకు కావలసిన నాలుగు ఈఎల్84లూ ఒకే కొలతకు దొరకకపోతే రెండేసి చొప్పున కుదిరిన రెండు జతలు తీసుకుని, ఒక్కో జతను ఒక్కో ఛానెల్‌కు వేసుకోవచ్చు. కొలతలో తగ్గిన నా నాలుగో వాల్వును విక్రేత కొలత చూసి మార్చి ఇచ్చారు, మార్చి ఇస్తామని ముందే ఒప్పుకునేవారి దగ్గరే కొనాలి.