అడవి దారిలో నా పిండుడు ఫిల్టర్: కొన్నేళ్లు వాడాక

చెన్నై నుంచి వారాంతాల్లో నాగలాపురం, తలకోన అడవుల్లో పడి తిరిగే మా బృందానికి కొన్నేళ్లుగా తాగునీళ్లంటే ఈ ఫిల్టరే. అరచేతిలో ఇమిడే గొట్టం, లోపల సేమ్యాలాంటి సన్నటి బోలు పోగులు. సంచిలో వాగు నీళ్లు ముంచి, గొట్టం బిగించి పిండడమే. రంధ్రాలు 0.1 మైక్రాన్ కాబట్టి బ్యాక్టీరియా, విరేచనాలు తెచ్చే జియార్డియా లాంటి పరాన్నజీవులు దాటలేవు. కరెంటు అక్కర్లేదు, మందు వాసనా ఉండదు.

వైరస్‌లు మాత్రం దర్జాగా దాటేస్తాయి. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ సైజు సుమారు 0.03 మైక్రానే మరి. అందుకే జనం దిగి స్నానాలు చేసే గుండాల దగ్గర, వడకట్టిన నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగుతాం. బిళ్ల ఒక్కటే చాలదా అంటే చాలదు, క్రిప్టోస్పోరిడియం అనే మరో పరాన్నజీవి క్లోరిన్‌కి లొంగదు, దాన్ని ఫిల్టరే ఆపాలి. కళపెళ ఒక్క నిమిషం మరిగిస్తే (2000 మీటర్లు దాటితే 3 నిమిషాలు) ఏ గొడవా లేదు గానీ, మిట్టమధ్యాహ్నం వేడినీళ్లు ఎవడు తాగుతాడు? పొలాల మీంచి వచ్చే కాలవ జోలికి అసలు పోను. పురుగుమందుల్ని ఇది ఆపదు.

దీని అసలు శత్రువు బురద. వానల తర్వాత ఎర్రనీళ్లు పడితే, లీటరు నిండేసరికి చేతులు పీకుతాయి. గిన్నెలో తేరనిచ్చి, పైనీళ్లను పాత పంచె నాలుగు మడతల్లోంచి సంచిలోకి పోస్తే పని సగం తగ్గుతుంది. సాయంత్రం సిరంజితో మంచినీళ్లు వెనకనుంచి గట్టిగా కొట్టాలి. మొదట టీ రంగులో వస్తాయి, తేటపడేదాకా కొడుతూనే ఉండాలి. సిరంజి ఇంట్లో పెట్టి ఫిల్టర్ ఒక్కటే తెచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

దాంతో వచ్చిన సంచి నాసి, అతుకుల దగ్గర కారింది. కూల్‌డ్రింక్ సీసా మూతికి నా ఫిల్టర్ మర సరిపోయింది, ఇప్పుడు అదే వాడుతున్నా. ఇంటికొచ్చాక మా బోరు నీళ్లతో కడగను, ఉప్పు పేరుకుంటుంది. క్యాన్ నీళ్లే.

ఒకసారి తడిసిన ఫిల్టర్ గడ్డకట్టకూడదు. లోపలి నీళ్లు మంచై ఉబ్బితే పోగులు చిట్లుతాయి, పైకి ఏమీ తెలియదు. చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని మంచుకొండ కేదార్‌కంఠ వెళ్లినప్పుడు రాత్రుళ్లు నాతోపాటు స్లీపింగ్ బ్యాగులోనే పడుకుంది. ఇదివరకు గడ్డకట్టిందో లేదో చూసి చెప్పలేం కాబట్టి సెకండ్‌హ్యాండ్‌ది సగం ధరకిచ్చినా కొనకండి.