బంపర్ సందు సరిచేస్తామంటే, ముందు బంపర్ విప్పించి వెనక చూడండి

విశాఖలో పాత కారు వాడుతున్నవాళ్లూ, సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లూ ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ముందు బంపర్ ఒక పక్కకు దిగిపోయి, ఫెండర్‌కీ (ముందు చక్రం మీద ఉండే రేకు) దానికీ మధ్య వేలు పట్టేంత సందు కనిపిస్తోందా? అయితే బంపర్ మార్చి పెయింట్ కొట్టేస్తామనే వాళ్లకు అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. ఆ సందుకు బంపర్‌తో సంబంధమే లేకపోవచ్చు.

మాది 2008 ఆల్టో. ఎడమ హెడ్‌లైట్ కింద బంపర్ విడిపోయి ఉండేది. రన్నింగ్ బోర్డు (డోర్ల కింద పొడవునా ఉండే భాగం) మీద, వెనక చక్రం ఆర్చ్ అంచున పెయింట్ పొక్కులు లేచాయి. ఊళ్లోనే ఒక టింకరింగ్ షాపులో చూపిస్తే ఒరిజినల్ బంపర్, తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్, ప్రైమర్, పెయింట్, అండర్‌కోటింగ్ (బండి అడుగున పూసే నల్లటి పూత) అన్నీ కలిపి 24,000 అన్నారు. తెల్లకాగితం మీద రాసి కూడా ఇచ్చారు. బండి చేతికొచ్చిన రోజు అద్దంలా ఉంది. సందు మాత్రం తగ్గింది కానీ పోలేదు. అడిగితే, "పాత బండి కదండీ, లోకల్ బంపర్‌కి ఇంతకన్నా లైన్ రాదు" అన్నారు. ఒరిజినల్ అని డబ్బు తీసుకున్న నోటితోనే ఆ మాట!

వానలు పడి వెలిశాయో లేదో, పొక్కులు మళ్లీ అదే చోట లేచాయి. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా బంపర్ మూల లొటలొటలాడడం మొదలైంది. ఈసారి వేరే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. పెద్దాయన, చాలా ఏళ్లుగా ఇదే పని. రేటు మాట్లాడకుండా ముందు బంపర్ విప్పించారు.

వెనక చూస్తే ప్రాణం ఉసూరుమంది. బంపర్ అంచును పట్టి ఉంచే పక్క బ్రాకెట్ అసలు లేదు. దాని బదులు బంపర్ అంచుకు రంధ్రం పొడిచి, ఫెండర్ రేకులోకి రెండు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు దిగ్గొట్టారు. ఆ రెండు రంధ్రాల చుట్టూ అప్పటికే కొత్త తుప్పు. రేడియేటర్ కింద ఉండే క్రాస్ మెంబర్ ఎడమ చివర తుప్పు తిని కిందికి వంగిపోయి ఉంది. బంపర్ పట్టుకోవాల్సిన చోటే కుంగిపోతే ఏ బంపర్ తెచ్చి బిగించినా లైన్ ఎలా వస్తుంది? తర్వాత ఆయన రన్నింగ్ బోర్డును స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్లారు. ఠంగ్ ఠంగ్ అంటున్న రేకు ఒక జానెడు మేర దబ్ దబ్ అంది. అక్కడ మొనతో పొడిస్తే పుట్టీ బిళ్లగా ఊడి కింద పడింది. లోపల దోమల జాలీ ముక్క, దాని వెనక నలిపి కుక్కిన న్యూస్ పేపర్, తడిసి ముద్దయి ఉంది. వెల్డింగ్ చేశామన్న చోట వెల్డింగ్ చుక్క కూడా లేదు. దాని మీద నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా పూసేశారు.

ఇది బండి అందం విషయం కాదు, అందుకే ఇంత కోపం. రన్నింగ్ బోర్డు బాడీ బరువు మోసే భాగం. పక్క నుంచి గుద్దుకుంటే లోపల కూర్చున్నవాళ్లకు అడ్డుగా ఉండే భాగాల్లో అదొకటి. అక్కడ రేకు బదులు కాగితం పెట్టి డబ్బు తీసుకోవడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే.

మన ఊళ్లో సముద్రపు గాలి ఉప్పు తెస్తుంది. ఆ ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తుప్పును ఉరకలు పెట్టిస్తుంది. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది, పెయింట్‌ను కింద నుంచి నెడుతుంది. కాబట్టి పైన రూపాయి బిళ్లంత పొక్కు కనిపిస్తే లోపల అరచేయంత పోయి ఉండొచ్చు. దాని మీద నేరుగా పుట్టీ పెడితే పుట్టీ తేమ పీల్చుకుంటుంది. తుప్పు మీద అండర్‌కోటింగ్ పూస్తే తడి లోపలే ఇరుక్కుని ఇంకా తొందరగా తింటుంది. సరైన పని అంటే గట్టి రేకు తగిలేదాకా కోయాలి, కొత్త రేకు వెల్డ్ చేయాలి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి, ఆ పైనే నున్న చేయడానికి పల్చగా పుట్టీ. ఇంకొకటి చాలామంది ఎగ్గొట్టేస్తారు: వెల్డింగ్ వేడికి రేకు లోపలి వైపు పెయింట్ కాలిపోతుంది. ఆ లోపల క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనపు పూత) కొట్టకపోతే లోపలి నుంచే మళ్లీ మొదలవుతుంది.

మీ బండి ఇప్పుడే షాపులో ఉంటే ఈరోజే వెళ్లి పెయింట్ ఆపించండి. పెయింట్ పడ్డాక మీకు ఏదీ కనిపించదు. కోసిన రేకు ముక్కలు చూపించమనండి, వెల్డింగ్ అయ్యాక ప్రైమర్‌కి ముందు ఫొటోలు తీసుకోండి. బంపర్‌ను పెయింట్‌కి ముందే బ్రాకెట్లు, క్లిప్పులతో బిగించి, హెడ్‌లైట్లు పెట్టి, బానెట్ మూసి చూడాలి. సందు రెండు పక్కలా సమానంగా లేకపోతే అప్పుడే తేలిపోతుంది. ఒరిజినల్ బంపర్లు మామూలుగా పాలీప్రొపిలీన్‌వి, వెనక వైపు పీపీ అని అచ్చు ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన ఒరిజినల్ అని కాదు, పార్ట్ నంబర్ లేబుల్, కొన్న బిల్లు కూడా అడగండి. ఆ ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోతే పెయింట్ పొరలు పొరలుగా లేచిపోతుంది. ఫైబర్ బంపర్ అయితే వంగదు, చిన్న దెబ్బకే పగులుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తీసుకెళ్లండి. రన్నింగ్ బోర్డు, వీల్ ఆర్చ్‌లు, డోర్ల కింది అంచులు తడమండి. మందంగా పుట్టీ ఉన్న చోట అది అంటుకోదు. డిక్కీలో స్టెప్నీ తీసి గుంట చూడండి, కాళ్ల దగ్గర మ్యాట్ లేపి ఫ్లోర్ నొక్కండి. కింద కొత్తగా నల్లగా నిగనిగలాడుతుంటే సంతోషించకండి, ఎందుకు పూశారో అడగండి. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి, దానికి బండి తనిఖీ ఉంటుంది. ఆ గడువు దగ్గరపడ్డ బండ్లకే ఇలాంటి పూతలు ఎక్కువ.

ఇక డబ్బు సంగతి. బిల్లు లేకుండా పని చేయించకండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఫిర్యాదుకు కారణం తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి. నేను 1915కి చెప్పాను, షాపుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాను. పెద్దాయన తీసిన పుట్టీ బిళ్ల, జాలీ ముక్క, ఆ రెండు స్క్రూలు కవర్‌లో కట్టి దాచాను, విప్పుతున్నప్పటి వీడియో ఉంది. షాపువాళ్లు ముందు సగం ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు, మొత్తం అడిగాను. కమిషన్‌కు ఫిర్యాదు రాస్తున్నాను. ఇలాంటి పనే మీకూ జరిగి ఉంటే ఫొటోలతో కింద రాయండి, ఫిర్యాదు కాగితాలు ఎలా సర్దుకోవాలో నాకు తెలిసినంత చెప్తాను.