వేసవి క్రాపీకి 14 అడుగుల పడవ: ఆరేళ్ళ వాడకం తర్వాత

మా ఊరి పంట కాలువ గట్టున నాన్న నేర్పిన గాలం విద్యకు ఒకటే సూత్రం: బెండు మునిగితే లాగు. ఉత్తర టెక్సాస్‌లోని రే రాబర్ట్స్ జలాశయంలో నా మొదటి వేసవంతా ఆ సూత్రాన్నే నమ్ముకున్నాను. పడవలోకి వచ్చిన చేపల కంటే ఎర తిని వెళ్ళిపోయినవే ఎక్కువ. క్రాపీ అనే ఇక్కడి మంచినీటి చేప చాలాసార్లు బెండును ముంచదు, పడుకోబెడుతుంది. దాని కళ్ళు పైకి చూసేలా అమరి ఉంటాయి. తన కింద ఉన్న ఎర జోలికి పెద్దగా పోదు, పైన ఉన్నదాన్ని కింద నుంచి వచ్చి అందుకుంటుంది. నోట పెట్టుకుని ఇంకాస్త పైకి వచ్చిందంటే సీసం బరువు బెండు మీద నుంచి తొలగిపోతుంది. అప్పటిదాకా నిటారుగా నిలబడ్డ బెండు నీటి మీద అడ్డంగా వాలిపోతుంది. పోయిన జూన్‌లో మా బావమరిది తొలిసారి పడవెక్కాడు. "బావా, బెండు పడిపోయింది, సీసం ఊడినట్టుంది" అన్నాడు. "ఊడలేదు, మెల్లగా పైకెత్తు" అన్నాను. 12 అంగుళాల తెల్ల క్రాపీ వచ్చింది.

ఆరు వేసవులుగా నేను వాడుతున్నది అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవ. ఇక్కడివాళ్ళు దీన్ని 1448 అంటారు. పొడవు 14 అడుగులు, అడుగుభాగం వెడల్పు 48 అంగుళాలు అని అర్థం. కొనాలనుకునేవారు ఆ రెండో అంకెను చూడండి. 36 అంగుళాల పడవ ధర తక్కువే, కానీ అందులో ఇద్దరు నిలబడి గాలం వేయలేరు. ఒకరు వంగితే రెండోవారు కూర్చోవాల్సిందే. 48 అంగుళాల మీద నేను లేచి నిలబడి చేపను వలలోకి తీసుకుంటుంటే, మా అబ్బాయి తన గాలం తాను చూసుకుంటాడు. వల గురించి కూడా చెప్పాలి. క్రాపీ పెదవి చుట్టూ ఉండే చర్మం కాగితమంత పలచన. గట్టిగా గుంజితే చిరిగిపోతుంది, వల లేకుండా పడవ అంచు మీదుగా ఎత్తబోతే జారిపోతుంది.

వసంతంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చినప్పుడు క్రాపీని గట్టు మీద నిలబడి ఎవరైనా పట్టగలరు. వేసవిలో పడవ లేనిదే కష్టం. జూలై వచ్చేసరికి నీరు పొరలుగా విడిపోతుంది. పైన వేడి నీరు, అడుగున చల్లటి నీరు, ఈ రెండూ కలవవు. అడుగు నీటికి గాలి అందక, ప్రాణవాయువు తగ్గిపోతుంది. మధ్యలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పొరను థర్మోక్లైన్ అంటారు. నీటి లోపలి సంగతి చూపే సోనార్ పరికరం తెర మీద అది పొగలాంటి సన్నటి గీతగా కనిపిస్తుంది. నేను తిరిగే పాయలో జూలై, ఆగస్టు నెలల్లో అది 20 అడుగుల అటూఇటూ ఉంటుంది. క్రాపీ ఆ గీతకు పైనే, మునిగిన చెట్ల కొమ్మల మధ్య, 12 నుంచి 17 అడుగుల లోతులో నిలుస్తుంది. గీతకు కింద ఎంత మంచి చెట్టు ఉన్నా అక్కడ కాలం వృథా చేయకండి.

కాబట్టి వేసవిలో అంతా లోతు మీదే ఆధారపడి ఉంది. రెండు అడుగులు ఎక్కువ కిందికి దింపితే ఎర క్రాపీకి కింద ఉండిపోతుంది, గంటసేపు కూర్చున్నా కదలిక ఉండదు. నేను లోతును చేతితోనే కొలుస్తాను. రీలు దగ్గర దారం పట్టుకుని కర్ర మీద దారం దూరే మొదటి రింగు దాకా లాగితే నా కర్రకు సరిగ్గా రెండడుగులు. ఏడు లాగుళ్ళంటే 14 అడుగులు. చేప దొరికిన లోతు దగ్గర దారానికి చిన్న నూలు ముడి వేస్తాను. దారం మీద జారే బెండు ఆ ముడి దగ్గరే ఆగుతుంది కనుక ఇక కొలవక్కరలేదు. గాలం సన్నటి తీగతో చేసిందే వాడండి. కొమ్మకు తగులుకుంటే నెమ్మదిగా లాగగానే అది నిటారుగా సాగి బయటికి వస్తుంది. పటకారుతో మళ్ళీ వంచుకోవచ్చు. మొదటి ఏడాది లావు గాలాలు వాడి, ఒక్క ఉదయమే తొమ్మిది పోగొట్టుకున్నాను.

లోతు తెలిశాక, ఆ చెట్టు మీద పడవను కదలకుండా నిలపాలి. మొదట్లో లంగరు వేసేవాడిని. అది కొమ్మల మీద పడగానే చేపలు చెదిరిపోయేవి. రెండు లంగర్లు చెట్లలోనే ఉండిపోయాయి. ఆ తర్వాత నీటి పైకి పొడుచుకు వచ్చిన మోళ్ళకు తాడు కట్టి మూడో వేసవి దాకా నెట్టుకొచ్చాను. రే రాబర్ట్స్‌లో నిలువు మోళ్ళకు కొదవ లేదు. కానీ మంచి చెట్లన్నీ పూర్తిగా మునిగినవే. నాలుగో ఏడాది ముందు భాగానికి జీపీఎస్‌తో తనంతట తానే ఒకచోట నిలిచే విద్యుత్ మోటారు పెట్టించాను. పడవ మీద నేను పెట్టిన డబ్బులో ఇంతగా ఫలితమిచ్చినది ఇంకొకటి లేదు. బొత్తాం నొక్కితే గాలి వీస్తున్నా పడవ చెట్టు పక్కనే నిలబడుతుంది. చేతులు రెండూ గాలానికే మిగులుతాయి.

బ్యాటరీ 100 ఆంపియర్ అవర్ల లిథియం. పాత సీసం బ్యాటరీలో సగం బరువైనా లేదు. వేగంగా నడిపితే రెండు గంటల్లో ఖాళీ అవుతుంది, చెట్ల మధ్య నెమ్మదిగా తిరిగితే పూట గడుస్తుంది.

ఇక లోపాలు. ఎండలో అల్యూమినియం బల్ల పెనంలా కాలుతుంది. నేల మీద పటకారు పడితే డప్పు కొట్టినట్టు మోగుతుంది, కింద చేపలు తప్పుకుంటాయి. బల్లల మీద, నేల మీద మందపాటి తివాచీ అంటించాక ఈ రెండు బాధలూ తీరాయి. మూడో వేసవిలో రివెట్ల వరుస నుంచి నీరు ఊరడం మొదలైంది. అమ్మినవారు హామీ గడువు ముగిసిందన్నారు. నేనే ఎపాక్సీ జిగురుతో పూడ్చాను, ఇప్పటికీ చుక్క రావడం లేదు. స్తోమత ఉంటే రివెట్లది వద్దు, వెల్డింగ్ చేసిన పడవ తీసుకోండి. అన్నిటికంటే పెద్ద లోపం అంచుల ఎత్తు. రే రాబర్ట్స్ దాదాపు 29 వేల ఎకరాల నీరు. దక్షిణపు గాలి లేస్తే అలలు లోపలికి చిమ్ముతాయి. తెల్లవారకముందే దిగి, పదింటికల్లా ఒడ్డు చేరతాను. పదమూడేళ్ళలోపు పిల్లలు ఇంత చిన్న పడవలో వెళ్తున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని ఇక్కడి చట్టం. మా పడవలో పెద్దలూ విప్పరు.

ఎర మిన్నోలు, అంటే వేలెడంత చిన్న చేపలు. వేడికి అరగంటలో చస్తాయి. మూతపెట్టిన చల్లడబ్బాలో గాలి పంపు పెట్టి, గడ్డకట్టించిన నీళ్ళ సీసా వేయండి. కుళాయి నీటి మంచును నేరుగా వేస్తే అందులోని క్లోరిన్ వాటిని చంపుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు పడవలోని నీరు, ఎర డబ్బాలోని నీరు మొత్తం పారబోయాలి. బయటి నుంచి వచ్చి జలాశయాలను పాడుచేసే జీబ్రా ఆల్చిప్పలు ఒక జలాశయం నుంచి మరొకదానికి పాకకుండా టెక్సాస్ పెట్టిన నియమం ఇది. రే రాబర్ట్స్‌లో అవి 2012లోనే బయటపడ్డాయి.

ఇక్కడి నియమం ప్రకారం రోజుకు మనిషికి 25 క్రాపీల దాకా ఉంచుకోవచ్చు, ఒక్కోటి కనీసం 10 అంగుళాలు ఉండాలి. అంతకన్నా చిన్నవి వదిలేయాలి. అయితే బాగా లోతు నుంచి పైకి తెచ్చిన చేప గాలితిత్తి ఉబ్బి, వదిలినా చాలాసార్లు బతకదు. లోతైన చెట్టు మీద వరసగా రెండు మూడు చిన్నవి పడ్డాయంటే నేను అక్కడి నుంచి కదిలిపోతాను. కావాల్సినన్ని దొరికాక, ఇంకా పెద్దవి వస్తాయేమోనని వేయడం కూడా అందుకే మానేశాను.

పట్టిన చేపను నీళ్ళలో వేలాడదీయకండి. పైనీరు గోరువెచ్చగా ఉంటుంది, మాంసం మెత్తబడుతుంది. వెంటనే మంచులో వేయాలి. క్రాపీ పులుసుకు పనికిరాదు, చింతపండు రసంలో ఉడికితే పొడిపొడిగా విడిపోతుంది. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి వేయిస్తే, ముళ్ళ భయం లేని ఆ తెల్లటి కండకు సాటి రాగల మంచినీటి చేప ఇక్కడ నాకు దొరకలేదు.

ఆరేళ్ళలో మార్చకుండా వదిలేసింది వెనక బల్ల ఒక్కటే. దానికి వీపు ఆనించే చోటు లేదు. నాలుగు గంటలకే నడుము పట్టేస్తుంది. వచ్చే మే నెలలో నాన్న వస్తున్నారు. పోయిన శనివారం బల్లకు నాలుగు రంధ్రాలు వేసి, తిరిగే కుర్చీ బిగించాను. ఎడమ చెయ్యి చాపితే వల అందేలా, కుడి చెయ్యి చాపితే మిన్నోల డబ్బా అందేలా.